ఒక్క పూత నలుపు

లాస్ వేగస్,
4 మార్చి 1952

అక్కకు,

ఈరోజు మార్చి నాలుగు. పొద్దుటి నుంచి పడమటి గాలి, ఇసుక. మధ్యాహ్నానికి కొండలు కనిపించలేదు. గాజు కాల్చే పొయ్యి మూతులు విప్పి, సూదితో మసి తీసి, తిరిగి బిగించాను. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాను.

నువ్వు పంపిన ఆప్రికాట్ జామ్ అందింది. ఒక సీసా దారిలో పగిలింది. పగలనిది సగం అయింది.

ఊరు పెరుగుతోంది. లాస్ ఏంజిలస్ రోడ్డు మీద ఇంకా రెండు హోటళ్లకు పునాదులు తవ్వుతున్నారు. మా దుకాణంలో నియాన్ దీపాల గాజు గొట్టాలు వంచేవాళ్లం ఐదుగురం అయ్యాం, అయినా చాలడం లేదు. గోడలు లేవకముందే పేరు వెలగాలంటారు ఇక్కడ.

కొత్త పని ఒకటి వచ్చింది. లైల్ హాస్కర్ హోటల్ బోర్డు. నేనే చేస్తానని చెప్పాను.

బావ కర్బూజాలు నింపే పెట్టెల్లో ఒకటి నీ దగ్గర ఉంది కదా, పక్కపలక మీద ఆయన చేత్తో పేరు రాసినది. ఆ పలక ఊడదీసి పంపు. పని ఉంది.

తమ్ముడు
ఆరిన్

---

పియోచ్,
9 మార్చి 1952

ఒరే ఆరిన్,

నీ ఉత్తరం ఒకసారి చదివి పొయ్యిలో వేయబోయాను. కళ్లు తప్పు చదివాయేమోనని మళ్లీ చదివాను. "హాస్కర్ బోర్డు నేనే చేస్తానని చెప్పాను." ఆ మాట ఎక్కడ రాశావో చూసుకున్నావా? పగిలిన జామ్ సీసాకీ పాత పెట్టెకీ మధ్య.

మరిచిపోయినట్టున్నావు, గుర్తుచేస్తాను. మా పొలంలో నీళ్లు తోడక్కర్లేదు, బావిలోంచి వాటంతట అవే ఉబికి వచ్చేవి. మడి తడిశాక బావి చక్రం తిప్పి మూసెయ్యాలి. వదిలేస్తే నేరం. మీ బావ రోజూ భోజనానికి ముందు వెళ్లి చక్రం బిగించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చేవాడు. ఆ జూలైలో ఒక పొద్దున లేచి చూస్తే చక్రం తెరిచి ఉంది. నీళ్లు రైలు కట్ట దాకా పారాయి. పొరుగువాడు హాస్కర్ విచారణలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఏమన్నాడు? "ఎమరీ మంచివాడేనండీ. కానీ సీసా ముట్టాడంటే చక్రం గుర్తుండదు." సారా వాసన కూడా గిట్టని మనిషిని పట్టుకుని!

బావికి సీలు వేశారు. కాయలు తీగల మీదే ఉడికిపోయాయి. నీళ్లు కారబెట్టినవాడని ఊళ్లో ఆయనకి 'కారుడు ఎమరీ' అని పేరు పెట్టారు. పొలం హాస్కర్ చేతికి పోయింది. మీ బావ ఇక్కడికొచ్చి గని దుమ్ము మింగి, మూడు చలికాలాలకే పోయాడు. ఆఖరి రోజు మంచినీళ్లు కూడా అడగలేదు. "లియోటా, నేను మూసే వచ్చాను" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ నేల మీద నువ్వు వాడి పేరు వెలిగిస్తావు. వెలిగించు.

పలక పంపుతున్నాను. అది ఎదురుగా ఉంటే నీ మీద కోపం ఇంకా పెరుగుతుంది, అందుకు. ఇంకోసారి గాలి ఎటు వీచిందో నాకు రాయకు.

లియోటా

---

లాస్ వేగస్,
27 మే 1952

అక్కకు,

ఎండ ముదిరింది. గాలి లేదు. బోర్డు పైకి ఎక్కించాం. నిచ్చెన తాళ్లు విప్పి, చుట్టి, కొక్కేనికి తగిలించాను.

పలక అందింది.

హాస్కర్ కుర్చీ తెప్పించుకుని కింద కూర్చుని రోజంతా చూశాడు. నన్ను పోల్చుకున్నాడు.

"నువ్వు ఎమరీ బావమరిదివి కదూ? పాతవన్నీ మనసులో పెట్టుకునే రకం కాదన్నమాట. మంచిది. ఈ ఊళ్లో వెనక్కి చూసేవాడికి మెడనొప్పి తప్ప ఏమీ రాదోయ్."

"అవునండీ."

"నా పేరు కింద నల్లగా పాములా పాకుతోంది, ఏంటది?"

"తిరుగు గొట్టం. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి వెలుగు పోవాలంటే మధ్యలో గొట్టం ఉండాలి. అది కనపడకూడదు. అందుకని నలుపు పూస్తాం."

"మరీ ఇంత పొడుగా?"

"మీ పేరు పెద్దది."

తెగ నవ్వాడు. వంటవాళ్లను, తోటమాలిని కూడా పిలిచి ఆ మాట చెప్పాడు.

గుమ్మం ముందు ఫౌంటెన్ పెట్టాడు. పొద్దస్తమానం నీళ్లు ఎగజిమ్ముతోంది. ఏ బావి నీళ్లో నీకు చెప్పక్కర్లేదు.

సాయంత్రం తిరుగు గొట్టానికి నలుపు పూశాను. ఒక్క పూత.

ఆరిన్

---

పియోచ్,
15 జూన్ 1952

ఆరిన్,

ఖనిజం లారీ నడిపే మర్ల్ నిన్న నేను గనివాళ్లకి వండిపెట్టే బల్ల దగ్గరే భోంచేశాడు. హోటల్ తెరిచిన రోజు నువ్వు హాస్కర్ బల్ల దగ్గరే కూర్చుని స్టేక్ తిన్నావట. వాడు నీ భుజం మీద చెయ్యి వేసి అందరికీ చూపించాడట. "మీ పేరు పెద్దది" అన్నావట. రోడ్డు పొడుగునా అదే హాస్యమట.

మీ బావ పేరు ఎంత చిన్నదైపోయిందిరా నీకు?

ఫౌంటెన్ సంగతి రాసి పుండు మీద కారం చల్లావు. నీళ్లు వదిలాడని నా మొగుణ్ణి చంపిన ఊరు, ఆ నీళ్లే గాల్లోకి ఎగరేస్తే నిలబడి చప్పట్లు కొడుతోంది. నువ్వూ కొట్టు.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. పలక తిప్పి పంపు.

లియోటా

---

లాస్ వేగస్,
19 జూన్ 1952

అక్కకు,

రాయకు అన్నావు. ఇదొక్కటి చదువు.

ఎండ. మబ్బు లేదు. దుకాణం నేల కడిగాను.

హాస్కర్ పాము అన్నది పాము కాదు. బావ సంతకం. పలక మీద కాగితం పరిచి, బొగ్గు రాసి అచ్చు దించాను. దాన్ని పెద్దది చేసి నేల మీద గీశాను. గాజు కాల్చి ఆ గీత మీదే వంచాను. ఎమరీ. ఆయన చివరి అక్షరానికి తోక కిందికి లాగి, మళ్లీ పైకి మెలిపెట్టేవాడు. ఆ మెలిక కూడా ఉంది. దాని దగ్గరే గాజు చాలాసార్లు పగిలింది.

నలుపు కింద అది ఇప్పుడు కూడా వెలుగుతోంది. హాస్కర్ పేరు వెలిగినప్పుడల్లా వెలుగుతుంది. ఎవరికీ కనపడదు, అంతే.

మామూలుగా గాజును స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, రెండు పూతలు వేస్తాం. అలా వేస్తే ఏళ్ల తరబడి చెక్కు చెదరదు. నేను తుడవలేదు. బేకన్ తిన్న జిడ్డు చేతులతోనే పట్టుకున్నాను. ఒక్క పూత వేశాను. ఇక్కడి ఎండకు అది రెండు వేసవులు, మహా అయితే మూడు.

రెండు పేర్లనూ ఒకదాని కొసకు ఒకటి కలిపాను. ఒకటి పగలగొడితే రెండోది ఆరిపోతుంది. ఈ మాట ముందే చెప్పకపోవడానికి కారణం మర్ల్. నువ్వు వింటే నవ్వుతావు. నవ్వితే వాడు ఎందుకని అడుగుతాడు.

స్టేక్ తిన్న మాట నిజమే. సరిగా ఉడకలేదు.

ఆరిన్

---

పియోచ్,
1 జూలై 1952

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. గనివాళ్ల సూప్ అడుగంటింది. వాళ్లు గిన్నెలు వాయిస్తున్నారు, నేను పిండి బస్తా మీద కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నాను. మర్ల్ ఎందుకని అడిగాడు. ఉల్లిపాయలు అన్నాను.

ఎండ ఎలా ఉంది? మబ్బులేమైనా వస్తున్నాయా? మధ్యాహ్నం పూట బోర్డు మీద దేని నీడైనా పడుతోందా? పక్కన ఎత్తుగా ఏదీ కట్టనివ్వకు. ఇకమీద ప్రతి ఉత్తరంలో ముందు వాతావరణం రాయి. వివరంగా రాయి. జామ్ సంగతులు తర్వాత.

ఇక్కడ కొండల్లో చల్లగా ఉంది. నేను మాత్రం పొద్దున్నే పెరట్లో నిలబడి, దక్షిణం వైపు చూసి, "కాయి, ఇంకా కాయి" అంటున్నాను. పక్కింటి డాన్లీ వాళ్లావిడకి నాకేదో అయిందని అనుమానం.

వాణ్ణి చంపమని ఎన్నోసార్లు దేవుణ్ణి అడిగాను. ఇప్పుడు అడగడం లేదు. వాడు బతికుండాలి. కళ్లు బాగా కనపడాలి.

మీ అక్క

---

లాస్ వేగస్,
26 మే 1953

అక్కకు,

ఎండ, పొడి. మబ్బు లేదు. బోర్డు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీడ పడదు, నిలబడి చూశాను. తలుపు బందులకు నూనె వేశాను.

నిన్న ఉత్తరాన ఎడారిలో మళ్లీ అణుబాంబు పేల్చి చూశారు. హోటళ్ల మేడల మీద జనం షాంపేన్ గ్లాసులతో నిలబడి చూశారట. దుకాణంలో గాజంతా గణగణలాడింది. హాస్కర్‌కు భయం పట్టుకుంది. "పైకెక్కి కీలుకీలునా చూడు. పనిలో పనిగా ఆ నలుపు కూడా మళ్లీ పూసెయ్" అని కబురు పెట్టాడు.

ఎక్కాను. బావ పేరులో మొదటి అక్షరం దగ్గర నలుపు బీటలిచ్చింది, ఎండిన బురదలాగా. హాస్కర్ కింది నుంచి చూస్తున్నాడు. డబ్బా తెరిచి, గొట్టం వెనకున్న ఇనప పట్టీకి బాగా దట్టంగా పూశాను. గొట్టాన్ని ముట్టలేదు. ఇనుము ఇప్పుడు కొత్తదానిలా ఉంది.

పొలం పోల్చుకోలేవు. నీ కోళ్ల గూడు ఉన్నచోట ఈతకొలను. తీగలు పాకిన చోట పచ్చిక, దానికి రోజంతా చిమ్మే నీళ్లు. ఊళ్లో పాత బావులు కొన్ని ఉబకడం మానేశాయి, మోటార్లు పెట్టి లాగుతున్నారు. దానికి విచారణలేమీ జరగలేదు.

ఆరిన్

---

పియోచ్,
22 నవంబర్ 1953

తమ్ముడూ,

వాడు వచ్చాడు. ఇక్కడికి, నా గుమ్మంలోకి. తెల్లటి కాడిలాక్‌లో. మంచు బురదకి తెల్లగా మిగల్లేదులే.

"ఏం లియోటా, గుర్తున్నానా?"

"ఎవరండీ?"

"లైల్‌ని. మీ పొరుగువాణ్ణి."

"మా పొరుగు డాన్లీ వాళ్లు. వాళ్లకి కారు లేదు."

నవ్వి, రమ్మనకుండానే లోపలికొచ్చి కూర్చున్నాడు. బల్ల మీద చాక్లెట్ల పెట్టె పెట్టాడు. లావయ్యాడు. ఉంగరం వేలిలో ఇరుక్కుపోయింది.

"ఇంకో జూదపు ఆటగది కడుతున్నాను. లైసెన్సు ఇచ్చే పెద్దలు ఈమధ్య కొత్త కొత్త ప్రశ్నలు వేస్తున్నారు. పాత పొరుగువాళ్లని అడిగి నడవడి తెలుసుకుంటారట. నా గురించి నువ్వు రెండు మంచి ముక్కలు రాసి సంతకం పెడితే చాలు."

"చక్రం ఎవరు తిప్పారో అది కూడా రాయనా?"

"ఇంకా అక్కడే ఉన్నావా? ఊరెక్కడికి పోయిందో చూశావా? అక్కడేముండేది, కర్బూజాలు! ఇవాళ ఆ నేల మీద ఎంతమంది తింటున్నారో తెలుసా? ఒక్క చక్రం, లియోటా. అదైనా సరైనదా, మొరాయించుకుని కూర్చునేది, గునపం వేస్తేగాని కదిలేది కాదు..."

అక్కడ ఆగిపోయాడు.

"గునపమా?" అన్నాను. "ఎమరీ ఎప్పుడూ చేత్తోనే తిప్పేవాడే. ఆ ఒక్క రాత్రే దాన్ని ఎవరో గునపంతో తిప్పి ఉండాలి."

వాడు టోపీ కోసం వెతుక్కున్నాడు. టోపీ ఒళ్లోనే ఉంది.

నేను లేచి గ్లాసునిండా మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టాను. "అంత దూరం నుంచి వచ్చావు, తాగు" అన్నాను. రెండు గుక్కలు తాగి గ్లాసు పెట్టబోయాడు. "మొత్తం తాగు. నీళ్లు వృథా చేస్తే నేరం" అన్నాను.

తాగాడురా. అడుగుదాకా తాగాడు. నేను నిలబడి చూశాను.

సంతకం పెట్టలేదు. చాక్లెట్లు డాన్లీ వాళ్ల పందికి వేశాను. ఇన్నాళ్లూ మనది అనుమానం. ఇప్పుడు అనుమానం కాదు.

అక్కడ ఎండలు ఎప్పుడు మొదలవుతాయి?

మీ అక్క

---

లాస్ వేగస్,
19 జూలై 1954

అక్కకు,

విపరీతమైన ఎండ. చాలా రోజులుగా మబ్బు లేదు. శుక్రవారం సాయంత్రం దక్షిణపు గాలి లేచింది. ఆ గాలికి నలుపు పొరలు పొరలుగా రాలింది. హాస్కర్ అతిథుల టోపీల మీద, కేకు మీద కూడా పడిందట.

కొత్త ఆటగది తెరిచే రోజు అది. నీ సంతకం లేకుండానే లైసెన్సు సంపాదించాడు. పెద్దలు ముగ్గురూ పచ్చిక మీద కుర్చీల్లో ఉన్నారు. నేను రోడ్డు అవతల నిలబడ్డాను. మసకబడగానే బోర్డు వెలిగించారు.

పైన హాస్కర్, తెల్లగా. కింద ఎమరీ, ఎర్రగా. తోక మెలికతో సహా.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. కొత్త నాట్యకత్తె పేరేమో అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. అప్పుడు రైలు కంపెనీలో పనిచేసిన ముసలి జూనియస్ గట్టిగా అరిచాడు.

"ఇది నాకు తెలిసిన చేతిరాతే! కర్బూజా పెట్టెల మీద ఉండేది. కారుడు ఎమరీది!"

"కారుడు ఎక్కడుంది అక్కడ?" అన్నాను. "రాసింది చదువు."

జూనియస్ మళ్లీ చూశాడు. "ఎమరీ" అన్నాడు. టోపీ తీశాడు.

లైసెన్సు పెద్దల్లో ఒకాయన హాస్కర్‌ను అడిగాడు: "ఎవరిదీ పేరు? మీ భాగస్వామిదా?" హాస్కర్ నోరు తెరిచేలోగా జూనియస్ జవాబిచ్చాడు: "కాదండీ. ఈ నేల ఆయనది." ఆ తర్వాత బావి సంగతి మొదలుపెట్టాడు. మొత్తం చెప్పాడు. జూనియస్ ఏదీ పొట్టిగా చెప్పడు.

మర్నాడు పొద్దున్నే హాస్కర్ దుకాణానికి వచ్చాడు.

"తీసెయ్ దాన్ని!"

"తీస్తే పైది కూడా ఆరిపోతుంది."

"అయితే నలుపు పుయ్."

"తీరిక లేదు."

"నువ్వు కాకపోతే ఇంకొకడు. ఏయ్, మీలో ఎవరొస్తారు? ఎంతడిగితే అంత."

నలుగురూ పొయ్యిలు తగ్గించారు. మాలో పెద్దవాడు గత్రీ నోట్లోంచి ఊదే గొట్టం తీసి అన్నాడు: "ఒకడు వంచిన గాజు ఇంకొకడు ముట్టడు, లైల్. ఈ ఊళ్లో ఏ దుకాణంలోనైనా అంతే. రెనో దాకా వెళ్లి అడిగి చూసుకో."

"ఏం కావాలిరా నీకు?" అని నన్నడిగాడు.

"చక్రం ఎవరు తిప్పారు?"

తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం బోర్డు ఆర్పించాడు. రెండు పక్కలా హోటళ్లు ధగధగలాడుతుంటే మధ్యలో చీకటి. కార్లు ఆగలేదు. నిన్న గుడ్డ కట్టించి వెలిగించాడు. గాలి ఇంకా ఉంది, గుడ్డ చిరిగింది.

పొయ్యి మూతులు ఇంకా శుభ్రం చేయలేదు. రేపు చేస్తాను.

ఆరిన్

---

పియోచ్,
27 జూలై 1954

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివిన వెంటనే మీ బావ సమాధి దగ్గరికి వెళ్లి పైకి చదివి వినిపించాను. కేకు దగ్గర రెండుసార్లు చదివాను.

వచ్చే గురువారం బస్సుకి వస్తున్నాను. నాకు కళ్లారా చూడాలని ఉంది. ఒక్కటే భయం. ఈలోగా వాడు నీ దగ్గరికొచ్చి ఒప్పేసుకుంటే? నువ్వు ఇచ్చిన మాటంటూ కుంచె పట్టుకుంటావేమో. మీ బావ అయితే పూసేసేవాడు. వాడి చేతికి గ్లాసు కూడా అందించేవాడు. అందుకే కదా ఆయన ఇక్కడి మట్టిలో ఉన్నాడు, వాడు అక్కడి పచ్చిక మీద ఉన్నాడు.

నువ్వు మీ బావ కాదు. అది గుర్తుంచుకో.

లియోటా

---

లాస్ వేగస్,
2 ఆగస్టు 1954

అక్కకు,

నువ్వు భయపడ్డట్టే హాస్కర్ శనివారం వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కొత్త నలుపు డబ్బా. దాన్ని నా బల్ల మీద పెట్టి, అందరూ వింటుండగా చెప్పాడు. గత్రీ ఉన్నాడు, మిగతా ముగ్గురూ ఉన్నారు. జూనియస్ కూడా ఉన్నాడు, ఈమధ్య రోజూ వస్తున్నాడు.

"నేనే తిప్పాను. గునపంతో తిప్పాను. ఎమరీ మూసే వెళ్లాడు."

నీకు చేరవలసిన మాట ఇది. బావ మూసే వచ్చాడు.

"చాలా?" అన్నాడు.

"చాలు."

"అయితే ఇవాళే పూస్తావా?"

"పూస్తానని నేనెప్పుడన్నాను? చక్రం ఎవరు తిప్పారని అడిగాను, అంతే."

హాస్కర్ డబ్బా వదిలేసి వెళ్లిపోయాడు. జూనియస్ వాడి వెనకే రోడ్డు మీదికి పోయాడు, ఎవరెవరికి చెప్పాలో లెక్కపెట్టుకుంటూ.

గురువారం ఊళ్లో దిగకు. డ్రైవరుతో చెప్పు, ఆ హోటల్ దగ్గర దింపుతాడు. హాస్కర్ అని అడగక్కర్లేదు. ఇప్పుడు ఆ మజిలీని డ్రైవర్లు "ఎమరీ" అని పిలుస్తున్నారు. నిన్న నా చెవులతో విన్నాను. "ఎమరీ, ఎమరీ దిగేవాళ్లు!" అన్నాడు. నలుగురు దిగారు.

ఈరోజు ఆగస్టు రెండు. ఎండ. గాలి లేదు. నలుపు పూయడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. పొద్దున పొయ్యి మూతులు విప్పి, సూదితో మసి తీసి, బిగించాను. నీకోసం మంచం సరిచేసి దుప్పటి ఉతికాను. హాస్కర్ డబ్బా మూత తీయలేదు, తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక నిచ్చెన తాళ్లు విప్పి, చుట్టి, కొక్కేనికి తగిలించాను.

ఆరిన్